సమీకరణంలో జక్కయ్య

రేవుపాలెం,
ఆగస్టు 11.

ప్రభువునందు ప్రియమైన చెల్లెలు కృపకు,

అన్న జక్కయ్య ఆశీర్వదించి రాస్తున్నది.

నిన్న సాయంత్రం నువ్వు ఫోను చేశావు. ఎత్తాను. "దేవునికి స్తోత్రం" అన్నాను. పెట్టేశాను. నీ మొహం ఎర్రబడి ఉంటుంది, నాకు తెలుసు, అది అమ్మ పోలిక. ఎర్రబడనీ! ఫోనులో మాట తూర్పారబట్టిన పొట్టు. గాలికి పోతుంది. పౌలు భక్తుడు చెరసాలలో కూర్చుని సంఘాలకి ఉత్తరాలు రాశాడు గానీ రీచార్జి చేయించుకోలేదు. ఆ ఉత్తరాలు ఇవాళ్టికీ చదువుతున్నాం. నువ్వూ నేనూ ఫోనులో మాట్లాడుకున్న మాట ఒక్కటైనా నీకు గుర్తుందా? కాబట్టి రాయి. కాగితం మీద రాయి.

ఇక్కడి సంగతులు. కాలువలు ఈసారి ఆలస్యంగా వదిలారు. మన శివారుకి నీళ్లు చేరేసరికి నారు ముదిరిపోయింది. ఊళ్లో ఆయిలింజిన్లన్నీ కూడబలుక్కున్నట్టు ఒక్కసారే మొరాయించి నా పాక ముందు వరసకట్టాయి. పొద్దుటినించి పొద్దుగూకేదాకా వాటి మధ్యే ఉంటాను. ఇంజిన్‌కి ఒక మంచి గుణం ఉంది చెల్లీ. పాడైతే పాడయ్యానని పొగ వదిలి చెప్తుంది. మనుషులు అలా కాదు. ఈమధ్య ఊరందరికీ గొణుగుడు జబ్బు పట్టుకుంది. పెదాలు కదులుతాయి, మాట బయటికి రాదు. కుర్రాళ్లు మరీను. మన సంఘానికి బెన్నీ అని కుర్ర పాస్టరు వచ్చాడు, బైబిలు కాలేజీలో చదివినవాడు. వాడి ప్రార్థన వాడి చొక్కా గుండీలకే వినబడుతుంది. ప్రార్థన అంటే కప్పు రేకు అదరొద్దూ?

నేను మాత్రం తగ్గలేదు. మొన్న ఆదివారం ప్రసంగంలో ఏలీయా ప్రవక్త గురించి చెప్పాను. కొండ మీద గాలి వీచింది, దేవుడు గాలిలో లేడు. నేల కంపించింది, కంపంలో లేడు. నిప్పు లేచింది, నిప్పులోనూ లేడు. ఆ తర్వాత సన్నటి స్వరం ఒకటి వచ్చింది. అక్కడిదాకా వచ్చేసరికి ఎందుకో పుస్తకం మూసేశాను. నీళ్లు తాగి ముగించేశాను.

నువ్వేదో లెక్కల పోటీలో చేరావట, ఫోనులో అందరికీ కనబడేలా పెట్టుకున్నావట, మన సంఘం కుర్రాడు పాల్ తెచ్చి చూపించాడు. అంకెలు తప్ప నాకేమీ అర్థం కాలేదు. నీ గది కిటికీలోంచి గుణదల కొండ కనబడుతుందని రాశావు ఒకప్పుడు. కొండ వైపు కన్నులెత్తితే చాలదు చెల్లీ, సాయం ఎక్కడినించి వస్తుందో అదీ తెలుసుకోవాలి. ఒక్కదానివే ఉంటున్నావు. వేళకి తింటున్నావా?

నీ అన్న,
ఇంజిన్ల జక్కయ్య, ప్రభువు పనివాడు.


గుణదల, విజయవాడ,
ఆగస్టు 19.

ప్రియమైన అన్నకు,

నీ ఉత్తరం అందింది. ఎర్రబడింది నిజమే. ఏడాదిన్నరగా నేను ఎప్పుడు ఫోను చేసినా స్తోత్రం ఒకటి నా మొహాన కొట్టి పెట్టేస్తున్నావు. ఇదంతా ముందటేడు క్రిస్మస్ నించి అని నాకు తెలుసు. ఆ రోజు నులివెచ్చని వాళ్లని దేవుడు నోటినించి ఉమ్మేస్తాడని గర్జించావు, గర్జిస్తూ నా వైపే చూశావు. అందరికీ తెలుసు, జక్కయ్య చెల్లెలు ముప్పై తొమ్మిదేళ్లొచ్చినా బాప్తిస్మం తీసుకోలేదని. ఆరాధనయ్యాక నువ్వు ఇంజిన్ మీద వంగి ఉంటే వెనకనించి, "అన్నా, బస్సుకి టైమైంది, వెళ్లొస్తా" అన్నాను. రెండుసార్లు అన్నాను. నువ్వు తిరగలేదు. వెళ్లిపోయాను. అప్పటినించీ నువ్వు తిరగని ఆ వీపే నాకు గుర్తొస్తోంది. ఇది రాయకూడదనుకున్నాను. కాగితం కదా, రాయమన్నావు కదా.

పోటీ సంగతి చెప్తాను. ఒక పరిశోధన సంస్థ పెట్టింది. డెల్టా కాలువల గేజీల దగ్గర మిషన్లు పెట్టి, నీటిమట్టం గంటగంటకీ తీసిన రీడింగులు ఇచ్చారు. ఏ గేజి ఏ ఊరిదో చెప్పలేదు, నంబర్లే. పోయినేడు జూన్ దాకా ఇచ్చి, ఆ తర్వాతి ఆరు నెలలు దాచిపెట్టారు. దాచినది మేం చెప్పాలి. ఊరికే చెబితే చాలదు, నీళ్లు ఎందుకలా నడిచాయో అవకలన సమీకరణంగా రాయాలి. పేరు చూసి బెదిరిపోకు. నీ పాకలో ఇంజిన్ చల్లార్చే తొట్టి ఉంది కదా. పైనించి ఎంత పడుతోంది, కింద ఎంత కారుతోంది, ఆ తేడాయే మట్టం మారే వేగం. అది పట్టుకుంటే, ఈ క్షణాన ఎంతుందో చూసి రేపటికి ఎంతుంటుందో చెప్పొచ్చు. కాలువా అంతే. ఎగువ లాకు వదిలేది, చేలల్లోకి పోయేది, సముద్రం పోటు వెనక్కి ఎగదన్నేది.

మొదటి అయిదుగురిని ఆ సంస్థవాళ్లు తమతో పనికి పిలుస్తారు. కాలేజీలో పదిహేనేళ్లుగా అవే లెక్కలు, అవే షార్ట్‌కట్లు, పిల్లలు మారతారు అంతే. నీళ్లతో పనిచేయాలనుందన్నా. వెళ్తే మా కాలేజీలో నేను లేనని గమనించేవాళ్లు ఎవరా అని లెక్కేశాను. టైమ్‌టేబుల్ వేసే ఆయన ఒక్కడే తేలాడు.

ఇక అసలు సంగతి. ఏడో గేజి పోటుకి లొంగే తీరు చూస్తే అది సముద్రం దగ్గరిదని తెలుస్తోంది. అందులో ఒక వింత ఉంది. నెలలో మొదటి ఆదివారం పొద్దున మట్టం జానెడు పైకి లేస్తుంది, ఎద్దు మూపురంలా. కాసేపు నిలబడుతుంది. తర్వాత ముందు గబగబా, ఆపైన నిదానంగా మామూలుకి దిగిపోతుంది. వానకి సంబంధం లేదు, పోటుకి లేదు. పోటీదారులంతా అది మిషను లోపమని కొట్టేస్తున్నారు. మా ఫిజిక్సు లెక్చరర్ దుర్గాప్రసాద్ గారైతే, "ఏంటి మేడమ్, డేటాలో దేవుణ్ణి వెతుకుతున్నారా?" అని నవ్వారు.

నేను నవ్వలేదు. అన్నా, అది మన లాకు! నెల మొదటి ఆదివారం, ప్రభువు బల్ల రోజున, బాప్తిస్మాలకి రేవులో నీళ్లు నడుముదాకే ఉంటాయని, లాకు తలుపులు చూసే లస్కరు పోలయ్య చేత షట్టరు దింపించి ఛాతీదాకా నీళ్లు నిలబెట్టిస్తావు కదా. ఆ మూపురం నువ్వే. లోకంలో ఇంతమంది లెక్కలవాళ్లు లోపమని కొట్టేస్తున్నది మా అన్నని. నా సమీకరణంలో చివర దానికి "జ" అని పేరు పెట్టాను.

ఒక్క మాట చెప్పు. పోయినేడు జూలై నించి డిసెంబరు దాకా కూడా మొదటి ఆదివారాలు బాప్తిస్మాలు మామూలుగానే ఇచ్చావా? తెలిసిన సంగతి వాడుకోవచ్చని నియమాల్లో ఉంది. నువ్వు అవునంటే "జ" ఉంచుతాను, కాదంటే తీసేస్తాను. నీ మాట మీదే నిలబడుతుంది.

వేళకి తింటున్నాను. అబద్ధం. అప్పుడప్పుడు తింటున్నాను.

నీ చెల్లి,
కృప.


రేవుపాలెం,
ఆగస్టు 27.

నా చిన్న చెల్లెలు కృపకు ప్రభువు నామమున వందనాలు.

నీ ఉత్తరం పోలయ్యకి చదివి వినిపించాను. మా చెల్లి విజయవాడలో కూర్చుని నీ షట్టరు పట్టేసిందిరా అన్నాను. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. నా ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి ఊరంతా దద్దరిల్లేలా అరిచాడు: "ఇరిగేషను ఏఈ గారికి తెలిత్తే నా ఉజ్జోగం ఊడుద్ది జక్కయ్యగారో! ఏడో నంబరు ఏ ఊరిదో ఎవురికీ చెప్పొద్దని చెల్లెమ్మకి రాయండి!" భయం పుడితే మనిషి ఇలాగే అరుస్తాడు. నేను, "దేవుడి పనికి దించిన షట్టరుకి దేవుడే ఏఈ" అన్నాను. వాడు తల బాదుకుని పోయాడు.

నీ మీద నాకు కోపం వచ్చింది. క్రిస్మస్ గురించి రాసినదానికి కాదు, ఆ సంగతి దేవుని ముందు పెట్టాను, నీతో తర్వాత మాట్లాడతాను. రక్షణ కార్యాన్ని మూపురం అంటావా! యొర్దాను నదిలో కుష్ఠు పోవడానికి నయమాను ఏడు మునకలు వేస్తే సిరియా లెక్కలవాళ్లు దాన్ని ఎద్దుతో పోల్చారా? అయినా చదువుతుంటే నవ్వొచ్చింది. పాకలో ఒక్కణ్నే పెద్దగా నవ్వాను. ఈ నీళ్లకి గుర్తుంటుందని నేను ఎన్నడూ అనుకోలేదు చెల్లీ. మునిగినవాళ్లు మర్చిపోతారు, ముంచినవాణ్ని అసలే మర్చిపోతారు. నీళ్లు రాసిపెట్టుకున్నాయా!

నీ ప్రశ్నకి జవాబు. అవును. వెయ్యిసార్లు అవును. పోయినేడు మొదటి ఆదివారం ఒక్కటీ తప్పలేదు. ఈ ఏడూ తప్పడంలేదు. మొన్న ఆగస్టులో కూడా పోలయ్య షట్టరు దింపాడు, రేవు నిండా జనం, గట్టు మీద శౌరమ్మ బృందం పాటలు, తెల్లబట్టలు కట్టుకుని వరసలో నిలబడ్డవాళ్లు. "విశ్వసిస్తున్నావా?" అని నేను అడగడం, "విశ్వసిస్తున్నాను" అని వాళ్లు ఎలుగెత్తి చెప్పడం, మునగడం, లేవడం. నీళ్లు మారవు, నేనూ మారను. నీ "జ"ని చెరపకు. గట్టిగా ఉంచు. బండ మీద కట్టిన ఇల్లు అది.

గెలువు. గెలిచి ఆ సంస్థవాళ్లకి చెప్పు, మా అన్న ఏడో తరగతి, కాలువని కొలిచేది మీరు, కదిలించేది ఆయన అని.

బెన్నీకి చదివి వినిపిద్దామనుకున్నాను గానీ వాడు మందిరంలో ఏదో సిమెంటు పని చేయిస్తూ తీరిక లేకుండా ఉన్నాడు.

పూట తప్పకుండా తినమని ఆజ్ఞాపిస్తున్న
నీ అన్న జక్కయ్య.


గుణదల,
సెప్టెంబరు 24.

ప్రియమైన అన్నకు,

పంపేశాను. "జ"తోనే పంపాను.

ముందుగా చూపించే మార్కు దాచిన డేటాలో కొద్ది భాగానికే వేస్తారు, అసలు లెక్క ఆఖరున. ఆ ముందు మార్కులో నాది నాలుగో స్థానం. నాలుగు, అన్నా! నా పై ముగ్గురూ జట్లు కట్టుకున్నవాళ్లు. ఒంటరిగా నాలుగులోకి వచ్చింది నేనొక్కదాన్నే. "జ"ని కలిపితే ఒంటరిని కాదనుకో.

జాబితాలో నా పేరు చూడగానే నీకు ఫోను చేశాను. ఉత్తరాలు రాసుకుంటున్నాం కదా, కరిగావేమో అనుకున్నాను. "అన్నా, నాలుగో..." అనేలోపే "దేవునికి స్తోత్రం" అన్నావు. పెట్టేశావు. ఆ తర్వాత గదిలో కుర్చీకి చెప్పాను. గోడకి చెప్పాను. కింద ఇడ్లీ బండి ఆవిడకి చెబితే, "నాలుగా? ఒకటి రాలేదా అమ్మా?" అంది.

సరేలే. కాగితం మీద ఇంత మంచిగా ఉంటావు, చెవిలో ఎందుకు ఇంత కఠినంగా ఉంటావో ఆ ఫలితం వచ్చాక అడుగుతాను.

ప్రార్థన చెయ్యి. నాకోసం నేను చేసుకోలేను గానీ, నువ్వు చేస్తే వద్దనను.

నీ కృప.


గుణదల,
అక్టోబరు 13.

అన్నకు,

ఫలితాలొచ్చాయి. నాది అరవై మూడో స్థానం.

మిగతా గేజీలన్నిట్లో నాది బాగానే ఉంది. ఏడో గేజిలో పడిపోయాను. దాచిన రీడింగులు బయటపెట్టారు, పొద్దుటినించీ చూస్తూ కూర్చున్నాను. ఆగస్టు మొదటి ఆదివారం, మూపురం లేదు. సెప్టెంబరు, లేదు. అక్టోబరు, నవంబరు, డిసెంబరు. నీళ్లు చాప పరిచినట్టున్నాయి. నా సమీకరణం మాత్రం ప్రతి మొదటి ఆదివారం జానెడు లేచి, లేని జనాన్ని ముంచి, మెల్లగా దిగివచ్చింది. లోపమని కొట్టేసినవాళ్లు గెలిచారు. నా సమీకరణంలో "జ" ఉన్నాడు. కాలువలో లేడు.

జూలైలో ఒక్కటుంది. అదీ సగంలో తెగిపోయింది. లేవడం లేచింది, నిలబడలేదు. ఎవరో షట్టరు గబుక్కున ఎత్తేసినట్టు కిందికి పడిపోయింది. అదే ఆఖరు. ఈ ఏడాది రీడింగులు కూడా ఇప్పుడు వెబ్‌సైట్‌లో ఏ గంటకాగంట కనబడతాయి, అవీ చూశాను. రేవు నిండా జనం, శౌరమ్మ పాటలు, తెల్లబట్టల వరస అని రాశావే ఈ ఆగస్టులో? ఏమీ లేదన్నా. ఉట్టి నీళ్లు.

మొదట మండిపోయాను. నా మొహం మీద స్తోత్రం కొట్టి పెట్టేసే మనిషి మాట నమ్మి నా ఇన్నాళ్ల కష్టం పెట్టానే అనుకున్నాను. ఆ పని నాకు ఇక రాదు. మళ్లీ రేపు పొద్దున్నే వెళ్లి అదే బోర్డు మీద అదే లెక్క చెయ్యాలి. ఒక్క "కాదు" రాసుంటే సరిపోయేది. నీకు ఒక్క అక్షరం ఖర్చు.

మధ్యాహ్నానికి కోపం చల్లారి ఇంకోటి మొదలైంది. జనం లేకుండా నువ్వేం చేస్తున్నావక్కడ? అందరూ నిన్ను వదిలేశారా? పెద్ద మందిరాలకి పోయారా? నీకు ఊళ్లో మాట్లాడేవాళ్లు ఎవరైనా ఉన్నారా, లేక ఇంజిన్లేనా? నాకు లేరని నేను నీకు రాశాను. నువ్వు మాత్రం జనాన్ని సృష్టించి రాశావు. నాకు చెప్పుకోలేనంత దూరం దాన్నయ్యానా?

కృప.


రేవుపాలెం,
అక్టోబరు 24.

నా తల్లీ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చించాను. ప్రసంగమైతే కళ్లు మూసుకుని చెప్తాను. ఇది రావడంలేదు.

నువ్వు చూసినదే నిజం. షట్టరు దింపించి ఏడాది దాటింది. నేను రాసిన సిమెంటు పని అదే, బెన్నీ మందిరంలో బాప్తిస్మాలకి తొట్టి కట్టించాడు. తెల్ల టైల్సు, ఎక్కడానికి మెట్లు, పట్టుకోడానికి స్టీలు కమ్మీ. అక్కడే ఇస్తున్నాడు. మంచి కుర్రాడే. నన్ను ఎవరూ తరమలేదు, ఎవరూ వదిలిపోలేదు. ఆదివారం ప్రసంగం ఇప్పటికీ నాదే. అది అయ్యాక నా చుట్టూ మూగి ఏదేదో అంటారు, నేను అందరికీ "ఆమేన్" అంటాను. నీళ్లలోకి దిగడం మాత్రం నేనే మానుకున్నాను. ఎందుకని అడక్కు. అది నాకూ కాలువకీ మధ్య సంగతి.

మరి ఎందుకు రాశానంటే, నువ్వు "జ" అని పేరు పెట్టావు. నీళ్లు నన్ను గుర్తుపెట్టుకున్నాయన్నావు. ఆ పూట మళ్లీ రేవులో నిలబడ్డట్టయింది నాకు. లేదని రాయడానికి చెయ్యి రాలేదు. హృదయం ఎంత మోసకరమైనదో యిర్మీయా చెప్పింది నలభై ఏళ్లుగా చెప్తున్నాను జనానికి. నాకెవరు చెప్తారు?

నీళ్లు కదలగానే దిగితే రోగం పోయే బేతెస్ద కోనేటి ఒడ్డున రోగి ఒకడు పడి ఉండేవాడు, గుర్తుందా? నీకు చిన్నప్పుడు అన్నం పెడుతూ చెప్పేవాణ్ని. నీళ్లు కదిలినప్పుడు నన్ను దించడానికి మనిషి లేడయ్యా అన్నాడు ప్రభువుతో. ఎన్నోసార్లు ఆ మాట మీద గర్జించాను. అయ్యో, నేనున్నాను, దించేవాణ్ని నేనున్నాను అనుకుంటూ గర్జించాను. చాప మీద పడుకున్నవాడి వైపునించి ఆ మాట ఎలా ఉంటుందో ఈ ఏడాదే చదివాను.

నీ పని నా మాట వల్ల పోయింది. దాన్ని తెచ్చి ఇవ్వలేను. నా చేతిలో ఉన్నది ఒక్కటే. నవంబరు మొదటి ఆదివారం పొద్దున ఏడింటికి పోలయ్య చేత షట్టరు దింపిస్తాను. జనం ఉండరు, పాట ఉండదు. నేనొక్కణ్నే రేవులో దిగి నిలబడతాను. నువ్వు అక్కడ నీ కంప్యూటరు పెట్టె ముందు కూర్చుని ఏడో నంబరు చూడు. జానెడు లేచిందంటే అది నేను. ఆ ఒక్కసారైనా నీ సమీకరణం తప్పు కాకూడదు.

నీ అన్న.
(ప్రభువు పనివాడు అని రాయబోయి ఆగాను.)


రేవుపాలెం లాకు,
నవంబరు, మొదటి ఆదివారం పొద్దున.

నా అన్నకు,

ఈ ఉత్తరానికి స్టాంపు లేదు. నువ్వు నీళ్లలోంచి రాగానే చేతికిస్తాను. మొదటి బస్సుకి వచ్చాను. లాకు గోడ మీద కూర్చుని, లెక్కల పుస్తకంలోంచి చింపిన కాగితం మీద రాస్తున్నాను. నీ మీద నాకు ఇంకా కోపం ఉంది, కానీ దాన్ని నీ వీపుకి చెప్పలేను. నువ్వు అటు తిరిగి రేవులో నిలబడి ఉన్నావు. నీళ్లు నీ ఛాతీదాకా వచ్చాయి. గేజి రాయి చూశాను. జానెడు లేచింది. ఇక్కడినించి చూస్తే మూపురం కాదు అది. తెల్లచొక్కా, నెరిసిన వెనక జుట్టు, రెండు భుజాలు.

పోలయ్య నన్ను చూసి బిత్తరపోయాడు. "అదేంటి చెల్లెమ్మా, కంప్యూటర్లో చూత్తావన్నాడుగా ఆయన!"

"చూడ్డానికి నా దగ్గర ఇప్పుడు పోటీ ఏముంది పోలయ్యా" అన్నాను.

తర్వాత నిన్ను పిలిచాను. "అన్నా!" అన్నాను. నువ్వు కదల్లేదు. మెట్టు దిగి మళ్లీ పిలిచాను. ముందటేడు క్రిస్మస్ రోజు పిలిచినట్టే. అదే వీపు. నా మొహం ఎర్రబడడం నాకే తెలిసింది. తిరిగి బస్సెక్కేద్దామని బ్యాగు తీసుకున్నాను.

అప్పుడు పోలయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆగమ్మా. ఎందాకని పిలుత్తావ్? ఆయనకి ఇనపడదు."

నేను బ్యాగు కింద పెట్టాను.

"రెండేళ్లు దాటింది. కుడి చెవి అసలే లేదు, ఎడం దాంట్లో నోరెట్టి అరవాల. ఆ ఇంజన్ల మోతకి పోయిందో, మైకుకి పోయిందో. ఎవురికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. నీకు అసలే చెప్పొద్దన్నాడు. ఫోనంటావా, మోగితే జేబులో వణుకుద్ది, తీసి తోత్రం అంటాడు, పెట్టేత్తాడు. అవతలోళ్లు ఏవంటన్నారో ఆయనకేం తెలుసు?"

అన్నా, అప్పుడు ఆ జూలై గురించి అడిగాను, సగంలో తెగిన మూపురం గురించి. చెప్పడానికి ఇబ్బందిపడ్డాడు. చివరికి చెప్పాడు. వరసలో శౌరమ్మ మొదట దిగిందట. నువ్వు, "విశ్వసిస్తున్నావా?" అని అడిగావట. ఆవిడ, "అయ్యా, కాలు జారతంది, ఆగండయ్యా, ఆగండి" అందట. నువ్వు "ఆమేన్" అని ముంచేశావట. ఆవిడ నీ చేతుల్లోంచి జారి మునిగిపోతుంటే పోలయ్య దూకి గట్టుకి చేర్చాడట. "ఆవిణ్ని పడుకోబెట్టి పరిగెత్తుకెళ్లి షట్టరెత్తేశానమ్మా. ఇంక ఈ పూటకి చాలనిపిచ్చింది. మిగతావోళ్లు తెల్లబట్టల్తో గట్టు మీదే ఉండిపోయారు. శౌరమ్మకేం కాలేదు, మర్నాడే నవ్వేసింది, ఇప్పటికీ ఆదివారం కూర పంపుద్ది. ఈయనే మొహం చూపిచ్చడు. ఆ రోజు పాకలో కూకుని నాతో ఒకటే మాటన్నాడు: ఆ తల్లి ఏవందో నేను ఇనలేదురా, నాకు ఇనపడింది నా గొంతే అన్నాడు."

కాగితం మీద తడి మచ్చ చూసి కాలువ నీళ్లనుకో.

అయితే ఆ క్రిస్మస్‌కి నువ్వు తిరగనిది నా మీద అలిగి కాదు. నేను వెళ్లొస్తాననడం నీకు తెలియనే తెలియదు. ఇంజిన్ బాగుచేసి తల ఎత్తి చూస్తే చెల్లెలు చెప్పకుండా పోయిందనుకుని ఉంటావు. నువ్వు నన్నూ, నేను నిన్నూ అలా అనుకుంటూ గడిపేశాం. నాలుగో స్థానం వచ్చిందని నేను అరిచింది నీ చెవిలో పడకుండా ఎక్కడికి పోయిందో. ఆ రోజు గోడకి చెప్పిన మాటలన్నీ ఇప్పుడు మళ్లీ చెప్తాను, ఎడమ చెవిలో, ఊరందరూ వింటే విననీ. సోమవారం సెలవు పెడతాను. అవనిగడ్డలో చెవుల డాక్టరు ఉన్నాడట, వెళ్దాం. నువ్వు వాక్యాలు ఎత్తినా సరే వెళ్దాం.

ఇంకొకటి. నీళ్లలో నిలబడ్డ నీ దగ్గరికి వస్తే నన్ను ఆ ప్రశ్న అడుగుతావేమో. ఇవాళ అడక్కు. జవాబు నాకింకా తెలియదు, తెలియనిది నీ కోసం చెప్పను. ఎప్పుడైనా తెలిస్తే మాత్రం పలక మీద పెద్ద అక్షరాలతో రాసి నీ కళ్ల ముందు పట్టుకుంటాను. మిగతావాళ్లకి కూడా పలక ఇవ్వు అన్నా. నువ్వు వినకపోతే బాప్తిస్మం ఆగనక్కర్లేదు. వాళ్లు రాసింది నువ్వు చదవగలవు కదా. శౌరమ్మకి రాయడం రాదు, ఆవిడ చెయ్యి ఎత్తితే సరి.

పోలయ్య గడియారం చూస్తున్నాడు, ఏఈ భయం. షట్టరు ఎత్తమన్నాను. ఎత్తుతున్నాడు. నీళ్లు దిగడం మొదలుపెట్టాయి, ముందు గబగబా. నీ చొక్కా గుండీలు ఒక్కొక్కటీ బయటికి వస్తున్నాయి. నడుముదాకా దిగాక నువ్వే తెలుసుకుని గట్టు వైపు తిరుగుతావు. అప్పటిదాకా పిలవను.

గట్టు మీద నీ తువ్వాలు పట్టుకుని కూర్చున్న
నీ చెల్లి కృప.